ఇరవై నిమిషాలు, ఒక నిద్ర

హలో… ఆ, నేనే. ఇగ్లూలిక్ నుంచి, సిపోరాని. ఇంకెవరనుకున్నావు, మహారాణి గారనుకున్నావా?

… గుటకలు మింగకు బావా, వినిపిస్తోంది. తప్పు చేసినవాడి గుటక ఫోన్లో భలే వినిపిస్తుంది.

… నా ఆరోగ్యం సంగతి తరవాత. ముందిది చెప్పు. మా ఆయనేడీ?

… నిద్రపోతున్నాడా. పాలు తాగాడా? … త్రేన్చాడా? … వీపు తట్టారా, లేక తాగించి అలా పడేశారా? తట్టకపోతే కక్కుతాడు.

… నీ మీదా! చొక్కా అంతానా! … మంచి పని చేశాడు. పుట్టి నెల తిరక్కుండానే ఎవరి మీద కక్కాలో తెలిసిపోయింది మా ఆయనకి.

… నవ్వించకు. నేను నవ్వడానికి ఫోన్ చెయ్యలేదు, పోట్లాడ్డానికి చేశా. విమానాశ్రయం నుంచి ఇప్పుడే వచ్చి పడ్డా. ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

… వచ్చింది. ఎందుకు రాదూ? మబ్బు లేదు, గాలి లేదు, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మీ సనిరాజాక్‌లో లేచి మా ఇగ్లూలిక్‌లో దిగడానికెంత? ఇరవై నిమిషాలు. డెబ్భై కిలోమీటర్లు. బెల్టు పెట్టుకునేలోపు విప్పుకోవాలి. ఆ పాటి దారికి మా ఆయన ఎన్నాళ్ళు తీసుకున్నాడు? చెప్పు, నువ్వే చెప్పు.

… ఆ. అదీ. ఆసుపత్రి నుంచి బయల్దేరిన మొదటి రోజు పొగమంచు. సరే. విమానం నా నెత్తి మీద తిరిగిన చప్పుడు విన్నా బావా. ఓ చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. మబ్బు లోపల మా ఆయనున్నాడని తెలుసు, పిచ్చిదాన్లా మబ్బుకే చెయ్యూపా. దిగలేక వెనక్కి మీ ఊరికి పోయింది. మబ్బుని తిట్టా. తరవాత మంచు తుఫాను. దాన్నీ తిట్టా. ఆ తరవాత హాకీ పోటీకని పిల్లలు సీట్లన్నీ ఎక్కేశారు. వాళ్ళనీ, వాళ్ళని కన్నవాళ్ళనీ కలిపి తిట్టా. ఇవాళ తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. నువ్వు తప్ప.

… నిండిపోయిందా? విమానం నిండిపోయిందని ఎవరు చెప్పారు? … నువ్వు చూశావా? నేను చూశా. ఎక్కి చూశా.

… అవును, ఎక్కా. మెట్లెక్కి తిన్నగా లోపలికి పోయా. పైలట్ కుర్రాడు అడ్డమొచ్చి "అమ్మా, మీ టికెట్టు?" అన్నాడు. "నా మొగుణ్ణి వెతుక్కుంటున్నా, జరుగు" అన్నా. "మీవారెలా ఉంటారమ్మా" అన్నాడు. "మూరెడు పొడుగుంటాడు, పళ్ళు లేవు, ఆడపిల్ల" అన్నా.

… నవ్వకు! పాపం ఆ కుర్రాడు దక్షిణం వాడు, మనవాడు కాదు, కొత్తగా వచ్చాడు. పోయిన మనిషి పేరు పుట్టిన బిడ్డకి పెడితే ఆ బిడ్డే ఆ మనిషని వాడికెవరు చెప్తారు? రెండు చేతులూ పైకెత్తి పక్కకి తప్పుకున్నాడు.

సీట్ల కింద కూడా చూశా. మూడు సీట్లు ఖాళీ. ఒకదాంట్లో ఎవరో తిని పారేసిన పొట్లం ఉంది. మా ఆయన లేడు. పిల్ల తల్లి తపీసా లేదు. నా మనవరాలు, నా మొగుడు, ఇద్దరూ లేరు.

పైగా ఊరంతా వచ్చింది తెలుసా? … నేనే రప్పించా. పొద్దున రేడియోలో చెప్పించా: "సిపోరా మొగుడు ఇవాళ దిగుతున్నాడు, చూడాలనుకున్నవాళ్ళు రండి" అని. పాస్టరు గారి భార్య కూడా వచ్చింది. నన్ను కొత్త పెళ్ళికూతుర్లా ముందు నిలబెట్టారు. ఎవరో జుట్టు కూడా దువ్వారు. తలుపు తీశారు. అంతా మెడలు సాచారు. ఏం దిగింది?

… నీకు తెలీదూ! పంపినవాడివి నువ్వేగా! పెట్టె. నా పేరు రాసిన పెట్టె.

… ఆ, అందింది. తెరవకముందే ఊరంతటికీ అందింది. నేలలో పూడ్చి పులియబెట్టిన వాల్రస్ మాంసాన్ని విమానంలో పంపేవాళ్ళుంటారా ఎక్కడైనా? మూడు సంచుల్లో చుట్టావా? ముప్ఫై సంచుల్లో చుట్టినా అది మాట వినదు. ఆ పైలట్ మొహం ఎందుకలా పచ్చబడిందా అనుకున్నా, నన్ను చూసి కాదన్నమాట.

… బాగానే ఉందిలే, వాసన బట్టి చెప్తున్నా. మా ఊరిదంత కాదు. … కాదు. మీ ఊరి మాంసం పంటి కింద ఇసుక తగులుతుంది. మీకు గొయ్యి తవ్వడం రాదు. మీ నాన్నకీ రాలేదు.

… ఆగాగు. మాట మార్చకు. మాంసమిచ్చి మొగుణ్ణి అట్టేపెట్టుకుందామనా? … లంచమే. లంచం కాకపోతే దాన్నేమంటారు?

… జలుబా? పొద్దున లేదే. … తపీసాకా? … పిల్లకా? … ముందెవరికో తేల్చుకో బావా. ఒక్క జలుబుని ఇంటిల్లిపాదికీ పంచుతున్నావు.

ఏదీ, తపీసాకివ్వు ఫోను. … స్నానం చేస్తోందా. మీ వీధికి నీళ్ళ బండి రాలేదని నిన్న నువ్వే ఏడ్చావు. ఏ నీళ్ళతో చేస్తోంది, నీ కన్నీళ్ళతోనా?

… ఉండు. అదేంటి? … లేచాడు! మా ఆయన లేచాడు! టీ ఆలస్యమైతే అచ్చం ఇదే గొంతు. ఎత్తుకో. … తల కింద చెయ్యి పెట్టు. … ఆ, అలా తిప్పు. కిటికీ దగ్గరికి తీసుకుపో, వెలుతురు చూస్తే ఊరుకుంటాడు. …

… ఇప్పుడేమన్నావు?

… నాతో కాదు. పిల్లతో ఏమన్నావు? ఊరుకోబెడుతూ ఏదో పేరుతో పిలిచావు. … మళ్ళీ అను. … అను బావా. "ఇవాలూ, ఇవాలూ, ఏడవకే" అన్నావు. నా మోకాళ్ళు పోయాయి కానీ చెవులు పోలేదు.

… ఎప్పుడు పెట్టారు? … ఎవర్నడిగి?

… అయ్యయ్యో. విన్నారా గోడలూ! ఇంట్లో ఇంకెవరూ లేరు, గోడలకే చెప్పుకుంటా. నా మొగుడికి తన పెళ్ళాం పేరు పెట్టుకున్నాడు ఈ మహానుభావుడు!

… నాకు నేర్పకు. ఒక బిడ్డకి నాలుగు పేర్లైనా పెట్టొచ్చు, నలుగురు మనుషులైనా వచ్చి ఆ ఒంట్లో ఉండొచ్చు. మా అమ్మమ్మ, నీకు నాన్నమ్మ, ఒకే ముసలిది మనిద్దరికీ చెప్పింది. కాదన్నానా? కానీ ముందు పేరు నాది. ఇకాలుయిట్ ఆసుపత్రిలో బొడ్డు కొయ్యకముందే ఫోన్లో అరిచి చెప్పా, కులౌత్ అని. రెండేళ్ళు ఒంటరిగా పడుకున్నా బావా. రెండేళ్ళు! ఇన్నాళ్ళకి మనిషి తిరిగొచ్చాడు. ఆడపిల్లై వచ్చాడు. వస్తే రానీ, ఎలా వస్తేనేం. తోలు నమిలి నమిలి మెత్తగా చేసి బూట్లు కుట్టా, నా రెండు వేళ్ళు పడతాయి అందులో, అంతే. ఆయన పాత బూట్ల పక్కన పెట్టి చూసుకుని ఎంత నవ్వుకున్నానో.

… నీ పెళ్ళామే. కాదనను. కానీ నా మొగుడు కూడాను. … మరి ఇద్దరూ ఒకే చొక్కాలో ఉంటే వాళ్ళిద్దరి మధ్యా ఏం వరసో… ఛీ ఛీ. నువ్వు చెప్పకు. నీ నోరు సబ్బు పెట్టి కడగాలి.

… చెవి పట్టుకుంటోందా? పిల్లలందరూ పట్టుకుంటారు. … నీ ఎడం చెవే పట్టుకుంటోందా? … ఊఁ. ఇవాలక్క నీ ఎడం చెవే మెలేసేది. చర్చిలో కూడా మెలేసింది ఓసారి. అది ఒప్పుకుంటా. కానీ ఇది చెప్పు, గోడ వైపు తిరిగి పడుకుంటాడా లేదా? … చూశావా! కులౌత్! … పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆపి ఆలోచిస్తాడా? … ఆ! టీ తాగేప్పుడు అంతేగా! కప్పు పట్టుకుని ఏం ఆలోచించేవాడో దేవుడికే తెలియాలి, చేతిలోనే చల్లారిపోయేది. చల్లారిన టీ తాగి నన్ను తిట్టేవాడు.

… అదిగో! ఆ చప్పుడు! … ఫోన్లోకి కూడా వచ్చింది. అది ఇవాలక్కదని అనగలవా? ఆవిడెంత మర్యాదస్తురాలు! అది మా ఆయనదే. నలభై ఏళ్ళు ఒకే దుప్పటి కింద విన్నా. ఎక్కడ సాక్ష్యం చెప్పమంటే అక్కడ చెప్తా.

… నువ్వు నవ్వుతున్నావు, నాకూ నవ్వొస్తోంది, అదీ నా ఖర్మ. మేనమామ కొడుకువైపోయావు, ఏమన్నా నవ్వక తప్పదు.

… లేదు. ఉండు బావా. ఒక్క మాటుంది, అది నవ్వులాట కాదు. చెప్పేస్తా.

పెట్టె ఎందుకు పంపావు?

… మాంసం సంగతి కాదు. పెట్టె. … ఆలోచించు. కులౌత్ జన్మలో ఒకేసారి విమానమెక్కాడు. ఎక్కనంటే ఎక్కనన్నాడు. "నేను చేపనా, డబ్బాలో పెట్టి పంపడానికి" అన్నాడు. డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, చివరికి ఎక్కాడు. ఒట్టావా పోయాడు. తిరిగొచ్చింది పెట్టె. ఆ రోజు కూడా అక్కడే నిలబడ్డా, అదే కంకర మీద. పోయాడని తెలుసు, పెట్టెలో ఉన్నాడని తెలుసు. తెలిసి తెలిసీ మెట్ల వైపే చూస్తూ నిలబడ్డా. వెనక తలుపు తీసి దించారు.

ఇవాళా అంతే. మెట్ల వైపే చూస్తున్నా. వెనక తలుపు తీశారు. నా పేరు పిలిచారు.

… విను బావా. విమానమెక్కి వెతికింది తమాషాకి కాదు. లేడని నాకు తెలీదూ? వెతక్కపోతే అక్కడే కూలబడేదాన్ని, ఊరందరి ముందూ. అందుకని ఎక్కా. ఆ కుర్రాడితో ఆ వెటకారం అందుకే ఆడా.

… బావా? … లైనుందా? … హలో? … ఏడుస్తున్నావా?

… ముక్కు చీదుకో. ఫోన్లోకి కాదు, అటు తిరిగి చీదుకో.

… నీకు తట్టలేదా. … సరే. తట్టలేదు. నమ్ముతా. నోరూరుతుందని పంపావు, నాకు తెలుసు. … చాల్లే, ఇంక ఊరుకో. పిల్ల బెదురుతుంది.

… ఎవరు? … తపీసా! స్నానమైందా తల్లీ? … స్నానమే లేదా. పక్కనే కూర్చుని అంతా విన్నావా. … ఊఁ. విన్నావుగా మరి.

… నువ్వా? … టికెట్టు మార్పించింది నువ్వా? … పేరు కూడానా? … మరి ఈ ముసలాడు సీట్లు నిండాయనీ జలుబనీ… నీ మీదికి నా నోరు రాకుండా తను మీదేసుకున్నాడా. ఎందుకమ్మా, ఒక్క అబద్ధం కూడా సరిగ్గా ఆడటం రాదు వాడికి.

… చెప్పు. మెల్లగా చెప్పు, నేనెక్కడికీ పోను. … నువ్వు వాళ్ళింట్లో అడుగుపెట్టేసరికి ఎలా ఉన్నాడు? … కుర్చీలోనా? మంచం మీద పడుకోవట్లేదా? … ఇవాలక్క పోయినప్పట్నుంచీనా! శీతాకాలం ముందు పోయింది కదమ్మా ఆవిడ! … వేటకి? … ఒక్క సీలు కూడా తేలేదా ఈ వసంతంలో? … మంచుబండి మీద మంచు అలాగే గడ్డ కట్టి ఉందా. … తుపాకీ అల్లుడికిచ్చేశాడా.

… నాతో రోజూ ఫోన్లో వేళాకోళాలే కదే! మొన్న శీతాకాలంలోనే ఏదో ఎలుగుబంటి పాస్టరు గారి ప్యాంటు ఎత్తుకుపోయిందని చెప్పి, నేను నవ్వలేక గోడ పట్టుకుంటే… కుర్చీలో కూర్చునే చెప్పాడా అది. చీకట్లో.

… మీ ఊళ్ళో ఈ శీతాకాలం పిల్లలు పుట్టలేదా? … అంతమందా? మరి ఎవరూ ఇవాలు పేరు పెట్టలేదా? … ఎవరి పెద్దవాళ్ళ పేర్లు వాళ్ళు పెట్టుకున్నారు. ఊఁ. వీడు అడగలేదు. అడగడు. ఊరందరినీ నవ్విస్తాడు కానీ నాకిది కావాలని నోరు తెరవడు. అయ్యో, ఇవాలక్క పేరు లేకుండా బయట చలిలో నిలబడిపోయింది కదే ఇన్ని నెలలూ. నాకెందుకు తట్టలేదు? నా మొగుడు నాకొస్తున్నాడన్న సంబరంలో నాకే తట్టలేదు.

… అది చూసి నువ్వు ఆ పేరు పెట్టావు. … పిల్లని చేతిలో పెట్టి ఏమన్నావు? … "మీ ఆవిడొచ్చింది, పట్టుకోండి" అన్నావా. … వాడేమన్నాడు? … తిండి అడిగాడా! … రెండు చేపలా! ఒక్కడేనా! … ఆ రాత్రి మంచం మీదే పడుకున్నాడా. పిల్లని పక్కనేసుకుని. … ఊఁ. … ఊఁ.

… లేదమ్మా, నేనెందుకేడుస్తా. ఆ మాంసం ఘాటు. పెట్టె గుమ్మంలోనే ఉంది, కళ్ళు మండుతున్నాయి.

… ఇవాళ విమానం దాకా వచ్చారా? మెట్ల దాకానా? … తాత మొహం చూసి వెనక్కి తిరిగావు. … నాకు కోపంగానే ఉంది తపీసా. కానీ నువ్వు చేసింది తప్పని కూడా అనలేను. ఏం చెయ్యమంటావు, రెండూ ఉన్నాయి లోపల.

… ఫోను తాతకివ్వు. … ఉండుండు. ముందు మా ఆయన చెవి దగ్గర పెట్టు. … నిద్రపోతే పోనీ. పెట్టు.

ఏమండీ.

… ఆ, నేనే. …

… పొద్దుట్నుంచీ మీ కోసం నిలబడి నిలబడి నడుం పడిపోయింది నాకు. జుట్టు కూడా దువ్వించుకున్నా. మీరేమో అక్కడ హాయిగా… ఊపిరి వినిపిస్తోంది. … ఇంకా ముక్కుతోనే చప్పుడు చేస్తారా. … ఇవాలక్క కూడా ఉందట కదా లోపల? ఆవిడకి కాస్త చోటివ్వండి. మీరు గోడ వైపు సర్దుకోండి, ఎలాగూ అటే తిరుగుతారుగా. … ఆవిడ చలిలోంచి వచ్చింది పాపం. …

… ఏంటండీ, విమానం మీకు పడదనేనా ఇదంతా? …

అమ్మో. … అమ్మమ్మమ్మా. తపీసా! ఫోను తాతకివ్వు, తొందరగా ఇవ్వు!

బావా, విను. నాకిప్పుడు వెలిగింది. ఆ మబ్బెందుకొచ్చింది? తుఫానెందుకొచ్చింది? … వాతావరణం నీ మొహం. కులౌత్‌కి విమానం టికెట్టు కొన్నాం మనం! … అవును! ఎవరికి! కులౌత్‌కి! చచ్చినా ఎక్కనన్న మనిషికి! ఆయన దిగుతాడా ఇక్కడ? మబ్బు తెప్పించాడు, గాలి తెప్పించాడు, అది చాలకపోతే హాకీ పిల్లల్ని తెప్పించాడు. ఇవాళ ఇంకేమీ దొరక్క నిన్ను అడ్డం పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, బిడ్డని చూసి మనిషిని మర్చిపోయా. బుద్ధుందా నాకు?

… నవ్వు, నవ్వు. నీకూ లేదు.

… మీ ఊరెంత దూరమని ఎవరడిగినా ఆయనేమనేవాడు, గుర్తుందా? … ఆ. "ఒక నిద్ర." కుక్కల బండి ఉన్నప్పుడూ ఒక నిద్రే, మంచుబండి కొన్నాకా ఒక నిద్రే. మూడు గంటల్లో వచ్చేయొచ్చయ్యా అంటే వినేవాడా? దారి మధ్యలో గుడిసె దగ్గర ఆపాల్సిందే, టీ కాచాల్సిందే, నడుం వాల్చాల్సిందే. "మధ్యలో ఓ నిద్ర పడకపోతే అది ప్రయాణం కాదు, విసిరెయ్యడం" అనేవాడు. … నేను బద్ధకమనేదాన్ని. నువ్వూ అనేవాడివి. ఇవాలక్కొక్కతే ఆయన పక్షం.

… ఆ, ప్రతి వసంతం. మీరిద్దరూ అట్నుంచి, మేమిద్దరం ఇట్నుంచి. … మీ ఇద్దరి గురకకీ ఆవిడా నేనూ బయట కూర్చుని సూర్యుణ్ణి చూస్తూ ఊరంతటి మీదా చాడీలు చెప్పుకునేవాళ్ళం. ఆవిడ మీ ఇద్దరి బూట్ల తాళ్ళూ కలిపి కట్టేసింది చూడు, లేచి ఇద్దరూ బోర్లాపడ్డారు. … నీ పన్ను అప్పుడే ఊడిందా! ఎలుగుబంటితో పోట్లాడితే ఊడిందని చెప్పావు మా పిల్లలకి!

… గుడిసె నిలిచే ఉందా? … రేకు మీ అల్లుడు బిగించాడా. మంచివాడే.

అయితే విను. రేపు గుడిసెకి బయల్దేరు. మంచుబండి వెనక స్లెడ్జి కట్టు, తపీసాని, పిల్లని ఎక్కించు. నువ్వే తోలాలి. … అల్లుడు కాదు. నువ్వు. తుపాకీ వెనక్కి తీసుకో, దార్లో సీలు కనపడితే ఉత్త చేతుల్తో వస్తావా? … మంచు గట్టిగానే ఉంది. మా అబ్బాయి ఆమోస్ నిన్ననే అటు తిరిగొచ్చాడు, పగుళ్ళు ఇంకా విచ్చుకోలేదు. వాడే నన్ను తెస్తాడు. … పిల్లకేం భయం? తల్లి అమౌతి కోటుకి వీపున ఉన్న సంచిలో వెచ్చగా ఉంటుంది. నువ్వు అలా ప్రయాణం చెయ్యలేదూ, నేను చెయ్యలేదూ? … తపీసానడుగు. … ఏమంది? … అదీ, నా మనవరాలంటే.

… రాత్రెక్కడిది ఈ నెలలో? సూర్యుడు పడుకోడు కాబట్టి మనం కూడా పడుకోమా? ఎప్పుడు కళ్ళు మూతలు పడితే అదే నిద్ర.

… లేచాకా? … లేచాక తల్లీ పిల్లా నాతో వస్తారు. … అవును, నాతోనే. వాళ్ళిల్లు ఇక్కడుంది, ముందు పేరు కూడా నాది. … బావా. విను. …

… ఇరవై నిమిషాల్లో నీ వల్ల కాలేదు కదా? ఇవాళ చూశాంగా, మెట్ల దాకా వచ్చి కూడా కాలేదు. నా వల్లా కాలేదు. ఆ తలుపు తియ్యడం, ఆ దించడం, సంతకం పెట్టమనడం… అంత తొందరగా మనుషుల్ని ఇవ్వలేం, తీసుకోలేం. ఒక నిద్ర పడనీ. లేచాక నువ్వే నా చేతిలో పెడతావు. … పెడతావు, నాకు తెలుసు. పెట్టాక వెనక్కి పోబుద్ధి కాకపోతే, నీ పెళ్ళాం ఎటు పోతుంటే అటు పద. మా ఇంట్లో కుర్చీలు లేవు మరి, మంచాలే ఉన్నాయి. … పోతానంటే పో. మంచు కరిగేలోపు నేనే మళ్ళీ గుడిసె దాకా తీసుకొస్తా. తపీసా కూడా సరే అంటుంది. ఎంతని, ఒక నిద్రేగా.

… ఊఁ. … సరే అంటే సరే అను, ముక్కు చీదుతూ అనకు.

… రొట్టె నేను చేస్తా. టీ పొడి నాది. చక్కెర నీది, కిందటిసారిలా పెట్రోలు డబ్బా పక్కన పెట్టి తేకు. … మాంసం వెనక్కి తెస్తా, అక్కడే తిందాం. మిగిల్తే. వాసన పట్టుకుని గుమ్మంలోకి నలుగురొచ్చారప్పుడే, కత్తులు పట్టుకుని మరీ. — వస్తున్నా, ఆగండర్రా! చెయ్యి పెట్టారంటే విరుగుతుంది! … నీతో కాదు.

… ఇంకోటి. ఇవాలక్క కెటిలుందా? … అదే, మూత లేనిది. తే. కప్పులు కూడా తే. … ఆమోస్, తపీసా వాళ్ళవి వాళ్ళు తెచ్చుకుంటారు, మనవి చెప్తున్నా. … రెండు కాదు. నాలుగు.

… తెలుసు బావా. పాలు తాగే పిల్ల టీ తాగదని నాకూ తెలుసు. … చల్లారిపోతే పోనీ. ఆయనదెప్పుడూ చల్లారిపోయేదేగా.

… ఆ. నాలుగు. … ఉంటా మరి. మంచుబండి మీద మంచు దులుపుకో.